పిలుపు వినబడని పాక

పేరిందేవి, ముప్పై ఆరేళ్లు. నిలబడి అన్నం తినే అలవాటు ఆమెది.

అనగనగా అని మొదలుపెట్టి రాజుల పేర్లు చెబుతారు, రాణుల అందం చెబుతారు. ఈ కథలో రాజుగారికి పేరు లేదు, పెద్ద పనీ లేదు. పనంతా పేరిందేవికే ఉంది. కాబట్టి ఆమె దగ్గరే మొదలుపెడదాం.

అనగనగా ఆ రాజ్యంలో కోటగోడను ఆనుకుని ఒక జలతారు పనిశాల ఉండేది. ఆడవాళ్లు చట్రాల ముందు వరసగా కూర్చుని రాజుగారి జెండాలకూ, ఏనుగు అంబారీ గుడ్డలకూ, గుడి తెరలకూ బంగారు తీగతో బొమ్మలు కుట్టేవారు. అందరిలోకీ పేరిందేవి చెయ్యి గొప్పది. ఆమె కుట్టిన చిలక పక్కన నిజం చిలకలు వాలేవని చెప్పుకునేవారు. అది అబద్ధం. ఆమె కుట్టిన పామును చూసి రాజుగారు ఒకసారి కాళ్లు సింహాసనం మీదికి లాక్కున్నారు. అది మాత్రం నిజం.

పనిశాలకు ఒక తలుపు ఉండేది. తలుపు దగ్గర బుచ్చమ్మ అనే పెద్దావిడ కర్ర పట్టుకుని కూర్చునేది. సూదులు ఆడుతున్నంతసేపూ ఎవరినీ లోపలికి రానిచ్చేది కాదు.

"పోగు తెగితే నువ్వు కడతావా నాయనా?" అని అడిగేది. వచ్చింది సేనాపతి అయినా అదే ప్రశ్న.

మధ్యాహ్నం గంట కొట్టేవారు. అందరూ బారు తీరి కూర్చుని తినేవారు. పేరిందేవి కూడా అక్కడ కూర్చునే తినేది. పొద్దు వాలితే మరో గంట. అక్కణ్ణుంచి ఇంటిదాకా నడక. ఆ నడకలో ఆమె ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు, దారిన పోతున్న ఒక మనిషి. ఆ కాస్త దారి అంటే ఆమెకు ప్రాణం.

ఒక ఏడాది మంత్రిగారికి ఆలోచన వచ్చింది. మంత్రికి ఆలోచన వస్తే ఆడదాని నడుము జాగ్రత్త అనే సామెత అప్పటికింకా పుట్టలేదు.

"పనిశాలకు ఇంత దీపపు నూనె ఎందుకు? మధ్యాహ్నం అంత అన్నం ఎందుకు? ఎవరి చట్రం వాళ్లు ఇంటికి పట్టుకుపోండి. నీడపట్టున కూర్చుని, పిల్లల్ని చూసుకుంటూ, హాయిగా కుట్టుకోండి" అన్నాడు.

దాన్ని దయ అన్నారు. దండోరా వేయించి మరీ అన్నారు. ఖాళీ అయిన పనిశాలలో మంత్రిగారి గుర్రాలను కట్టేశారు.

పేరిందేవి చట్రాన్ని ఇంటి వసారాలో పెట్టుకుంది. ఆమె భర్త భద్రయ్య కోటలో గుర్రాలకు దాణా కొలిచే ఉద్యోగి. అతను చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు. ఆ రెండూ లేకపోతే ఆ ఊళ్లో మంచివాడి కిందే లెక్క. అత్తగారు సూరమ్మ. ఇద్దరు పిల్లలు. పంజరంలో ఒక చిలక.

సూదిలో తీగ ఎక్కించిందో లేదో, పిలుపు మొదలయ్యేది.

"పేరిందేవీ, నా ఉత్తరీయం ఏదీ?" ఉత్తరీయం అతని భుజం మీదే ఉండేది.

"ఏమే కోడలా, పాలు పొంగుతున్నాయి." అత్తగారు ఆ పాల పక్కనే కూర్చుని చెప్పేది.

"ఇంట్లోనే ఉన్నావుగా వదినా, మా పిల్లాణ్ణి కాస్త చూస్తూ ఉండు" అని పక్కింటావిడ బిడ్డను దింపేసి పోయేది. కోడలు ఇంట్లోనే ఉంటోందట అని విని చుట్టాలు వచ్చి, వెళ్లడం మరిచిపోయేవారు.

పేరిందేవి భర్తను నెమ్మదిగానే అడిగింది. "ఏమండీ, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నన్నెవరూ పిలవకుండా ఉంటే చాలు. మిగతా రోజంతా మీ ఇష్టం."

"పిలవకుండా ఎలా కుదురుతుందే? ఇంట్లోనే ఉన్నావుగా" అన్నాడు భద్రయ్య. ఆ మాట కోపంగా కూడా అనలేదు, నవ్వుతూ అన్నాడు.

చిలక ఆ మాట పట్టేసింది. "ఇంట్లోనే ఉన్నావుగా, ఇంట్లోనే ఉన్నావుగా" అని పొద్దస్తమానం అరిచేది.

మొదటి తప్పు జెండా దగ్గర జరిగింది. ఏనుగు కాలు కుడుతుంటే పిలిచారు. వెళ్లి వచ్చింది. మళ్లీ పిలిచారు. మళ్లీ వెళ్లి వచ్చింది. చివరికి ఏనుగుకు అయిదు కాళ్లు వచ్చాయి. సభలో అందరూ నవ్వారు.

మంత్రిగారు నవ్వలేదు. "ముచ్చటగా మూడు తప్పుల దాకా చూస్తాం. ఆ తర్వాత చట్రం వెనక్కి తీసుకుని, కొలువులోంచి నీ పేరు కొట్టేస్తాం. ముందు ఆ తల సంగతి వైద్యుడికి చూపించుకో" అన్నాడు.

ఆ కొలువులోని పేరు ఆమెకు తండ్రి పెట్టిందీ కాదు, మొగుడు ఇచ్చిందీ కాదు. ఆమె వేళ్లు సంపాదించుకున్నది. అది పోతే ఆమెకు మిగిలేది వసారా ఒక్కటే.

ఆస్థాన వైద్యుడు నాడి పట్టుకుని చూశాడు. "పైత్యం తలకెక్కింది. సరస్వతి ఆకు మంచు ఆరకముందే కోసి, మెత్తగా నూరి, వెన్నలో కలిపి మూడు పూటలా తీసుకో."

"మా అత్తయ్య నూరి ఇవ్వచ్చా అండీ?"

"అబ్బే. రోగి చేత్తో నూరితేనే గుణం."

కాబట్టి పేరిందేవి పొద్దున్నే ఆకు కోసింది, మూడు పూటలా నూరింది. నూరుతుంటే పిలిచారు. ఆకు నూరే పని ఒకటి పెరిగింది కనుక అంబారీ గుడ్డ ఆలస్యమైంది. ఏనుగు ఊరేగింపులో ఒట్టి వీపుతో నడిచింది. అది రెండో తప్పు.

ఈసారి రాజగురువు దగ్గరికి పంపారు. "తల్లీ, మనసు కోతి. అందరికంటే ముందు లేచి, కళ్లు మూసుకుని, ఊపిరిని గమనించు" అన్నాడాయన.

"అందరికంటే ముందే లేస్తున్నాను స్వామీ."

"అయితే అంతకంటే ముందు లే."

అంతకంటే ముందు లేచింది. కళ్లు మూసుకుంది. మూసిన కళ్లు మళ్లీ తెరుచుకోలేదు, కూర్చున్నచోటే తల వాలిపోయి స్తంభానికి కొట్టుకుంది. నుదురు బొప్పి కట్టింది, పొయ్యి మీద పాలు మాడాయి. "ధ్యానమా తల్లీ, కునుకా?" అంది సూరమ్మ. ప్రశాంతత కూడా ఒక ఇంటి పనైపోయింది.

నవరాత్రులు దగ్గరపడ్డాయి. కోటలో అమ్మవారి గుడికి తెర కుట్టాలి. తెర నిండా పురి విప్పిన నెమలి. ఇదే ఆఖరి అవకాశమని చెప్పి, ఈసారి మంత్రిగారే స్వయంగా ఉపాయం చెప్పాడు.

"రోజును భాగాలు చేసుకో అమ్మాయీ. పని వేళ వసారాలో ఎర్రగుడ్డ కట్టు. వంట వేళ పచ్చగుడ్డ. విశ్రాంతి వేళ తెల్లగుడ్డ. చూసినవాళ్లు తెలుసుకుంటారు."

కట్టింది. సాయంత్రానికి ఎర్రగుడ్డతో అత్తగారు గిన్నె దించింది. తెల్లగుడ్డలో పాలు వడకట్టింది. పచ్చగుడ్డ మాత్రం కట్టినచోటే ఉంది. దాన్ని అందరూ గౌరవించారు.

ఒకరోజు పేరిందేవి చేద తీసుకుని నూతి దగ్గరికి వెళ్లింది. వెళ్లి నిలబడింది. ఎందుకొచ్చిందో గుర్తు రాలేదు. నూతిలోకి చూసింది, చేతిలో చేద వైపు చూసింది. అయినా గుర్తు రాలేదు. ఏడుద్దామనుకునేలోపు ఇంట్లోంచి పిలిచారు.

అప్పుడు ఆమె బయట చేరింది.

నెలనెలా ఆ మూడు రోజులూ ఆడది ఇంట్లోకి రాకూడదు, ఎవరినీ తాకకూడదు, ఎవరూ తాకకూడదు. అది ఆ ఊరి ఆచారం. పెరటి చివర, పెంటకుప్ప దాటాక, ఒక పాక ఉంది. కప్పు కారుతుంది. రాత్రి తేళ్లు తిరుగుతాయి. అన్నం ఆకులో పెట్టి, కర్రతో ముందుకు తోస్తారు. కుక్కకైతే తల నిమిరి పెడతారు.

అన్ని నెలలూ చట్రం వసారాలోనే ఉండిపోయేది. ఈసారి మాత్రం, "ఆ చట్రం దారికి అడ్డం. దాన్నీ పట్టుకుపో" అంది సూరమ్మ.

అది అమ్మవారి తెర అని ఆమెకు తెలియదు. ఏం కుడుతున్నావని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు మరి.

మొదటి రోజు పేరిందేవి మొహాన ఎండ పడేదాకా నిద్రపోయింది. లేచి, చట్రం ముందు కూర్చుని, పిలుపు కోసం ఎదురుచూసింది. అలవాటు అలాంటిది. పిలుపు రాలేదు.

కాసేపటికి భద్రయ్య పెరట్లోకి వచ్చాడు. "పేరిందేవీ, నా ఉత్త..." అని పాక చూసి ఆగిపోయాడు. "ఓహో, దూరం కదూ" అని వెనక్కి తిరిగాడు.

ఆ రోజు భద్రయ్యకు ఉత్తరీయం తనంతట తానే దొరికింది. పాలు పొంగితే పక్కనున్న సూరమ్మే దించింది. పిల్లలు నీళ్లు తామే ముంచుకుని తాగారు. ఇల్లు కూలలేదు.

పేరిందేవి ఆకు ముందు కూర్చుని తిన్నది. ముద్ద ముద్దకీ రుచి తెలిసింది, కూరలో ఉప్పు తక్కువని కూడా తెలిసింది. మళ్లీ సూది పట్టుకుంది. మూడో రోజు పొద్దు వాలేసరికి తెర మీద నెమలి పురి విప్పి నిలబడింది. దాని కాళ్లు రెండే.

నెమలిని చూస్తూ ఆమె చాలాసేపు కూర్చుంది. బతిమాలి అడిగింది, పిలుపు లేని పూట దొరకలేదు. మంత్రి చెప్పిన గుడ్డలు కట్టింది, దొరకలేదు. తల వైద్యుడికి చూపించుకుంది, దొరకలేదు. ఇప్పుడు అసహ్యించుకున్నారు కాబట్టి దొరికింది. సంతోషించాలో ఉమ్మాలో తెలియలేదు. ఉమ్మింది. తర్వాత తీగ చుట్ట చుట్టి పెట్టుకుంది.

తెర గుడిలో వేలాడింది. మడి కట్టుకున్న పూజారులే రోజూ దాన్ని తీశారు, వేశారు. అమ్మవారికి కోపం రాలేదు. సకాలంలో వానలు కురిశాయి.

"మూడు రోజుల్లో ఇంత పనా? ఎలా సాధ్యం?" అన్నారు రాజుగారు. ఈ కథలో ఆయన అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే. పేరిందేవి నోరు తెరిచేలోపు మగవాళ్లు ముగ్గురు లేచారు.

"నా ఆకు" అన్నాడు వైద్యుడు.

"నేను చెప్పిన ఊపిరి" అన్నాడు రాజగురువు.

"నా గుడ్డలు" అన్నాడు మంత్రి.

రాజుగారు ముగ్గురినీ మెచ్చుకుని, ముగ్గురికీ జలతారు శాలువాలు కప్పాలన్నారు. ఆ శాలువాలు కుట్టే పని పేరిందేవికి చెప్పారు. గడువు అమావాస్య.

ఆమె తెరిచిన నోరు మూసుకుంది. ఇంటికి వెళ్లి, గడపలో నిలబడి, "అత్తయ్యా, బయట చేరాను" అంది. చేరలేదు. చట్రం తీసుకుని పాకలోకి నడిచింది.

మధ్యాహ్నం సూరమ్మ అన్నం తెచ్చింది. ఆకు కిందపెట్టింది. కర్రతో తోయలేదు. అక్కడే నిలబడి కోడలి కేసి చూసింది.

"మొన్ననే కదే తలకు పోసుకున్నావు?"

పేరిందేవి సూది ఆపలేదు. "ఒంటికి వేళాపాళా తెలుస్తుందా అత్తయ్యా."

"నాకు చెప్పకు. ముగ్గుర్ని కన్నాను."

ఇప్పుడు సూది ఆగింది. సూరమ్మ ఒక్క కేక వేస్తే చాలు. చట్రం, కొలువు, పేరు అన్నీ ఆ సాయంత్రానికే పోతాయి. మోసగత్తె అన్న మాట ఒకటి మిగులుతుంది.

సూరమ్మ కేక వేయలేదు. చుట్టూ చూసి, పాక గడప మీద చతికిలబడింది. అక్కడ కూర్చుంటే మైల. ఆ సంగతి ఆవిడే కోడలికి నేర్పింది.

"నా కాలంలో ఈ పాకలో ఏడుస్తూ కూర్చునేదాన్ని. నెలనెలా అదే ఏడుపు. నన్ను గెంటేశారే అని" అంది. మోకాళ్ల మీద వేసుకున్న తన చేతుల కేసి చూసుకుంది. "హాయిగా పడుకోవచ్చని తట్టనే లేదే నాకు. ఎవరైనా చెప్పి ఉండాల్సింది."

పేరిందేవికి జాలి కలిగింది, కోపమూ కలిగింది. రెంటినీ పక్కన పెట్టి, "లోపల చాప ఉంది అత్తయ్యా" అంది.

"పొయ్యి మీద పప్పు ఉంది."

"ఆయన దించుతారులెండి."

"వాడా? మాడుస్తాడు."

"మాడనివ్వండి."

సూరమ్మ ఇంటి కేసి ఒకసారి చూసింది. తర్వాత లోపలికి వెళ్లి పడుకుంది. ఇంట్లోంచి భద్రయ్య అమ్మను పిలిచాడు, పెళ్లాన్ని పిలిచాడు. ఆఖరికి చిలక ఒక్కటే పలికింది. "ఇంట్లోనే ఉన్నావుగా" అంది అతనితో. పప్పు మాడింది. ఆ రాత్రి అందరూ మాడిన పప్పే తిన్నారు. ఎవరూ చావలేదు.

అమావాస్యకు శాలువాలు సిద్ధమయ్యాయి. వైద్యుడూ, రాజగురువూ, మంత్రీ మైల పాకలో పుట్టిన బంగారు లతలను భుజాల నిండా కప్పుకుని, పవిత్రంగా నిలబడ్డారు. సభ చప్పట్లు కొట్టింది.

తర్వాత తర్వాత ఆ ఊళ్లో ఒక వింత జరిగింది. పనిశాలలో కుట్టిన ఆడవాళ్లంతా ఒకే రోజున బయట చేరడం మొదలుపెట్టారు. ఎవరి పాక వాళ్లకు ఇరుకని, అందరూ పేరిందేవి పెరట్లోకే వచ్చి చట్రాలు వేసుకున్నారు. గుమ్మంలో బుచ్చమ్మ కర్ర పట్టుకుని కూర్చుంది. డెబ్బై ఏళ్ల బుచ్చమ్మకు ఈ పాకలో ఏం పని అని ఎవరూ అడగలేదు. అడగాలంటే దగ్గరికి రావాలి. ఇది చంద్రుడి ప్రభావమని వైద్యుడు సభలో గంటసేపు ఉపన్యసించాడు. దానికి మరో శాలువా కప్పారు. అదీ అక్కడే కుట్టారు.

పిల్లలూ, ఇందులో నీతి పెద్దలకు. ఊపిరాడని మనిషికి ఊపిరి తీసుకోవడం నేర్పకండి, గొంతు మీది చెయ్యి తీయండి. మర్యాదగా అడిగితే తలుపు ఇవ్వని ఇల్లు, అబద్ధంతో తలుపు వేసుకున్న ఆడదాన్ని తప్పుపట్టకూడదు.

నలభై ఎనిమిదో ఏట పేరిందేవికి నెలసరి ఆగిపోయింది. ఆ సంగతి ఆమె ఇంట్లో మగవాళ్లెవరికీ చెప్పలేదు.