ఏదులగుట్ట కింద రాజుగారి విందు

ఒకానొక రాజ్యంలో, పేరు చెబితే అక్కడివాళ్లు నొచ్చుకుంటారు గనక ఆ సంగతి వదిలేద్దాం, రణభీముడనే రాజు ఉండేవాడు. పేరులోనే రణం గాని, ఆయన గెలిచినవన్నీ భోజనాలే. ఏదులగుట్ట మీద జింకలు మేస్తుంటే చూస్తూ భోంచేయాలని ఆయనకొక ముచ్చట పుట్టింది.

మంత్రి గుణార్ణవుడు వెంటనే గడ్డి మీద వంద శ్లోకాలు రాశాడు. గొర్రె మేస్తే గడ్డి తరుగుతుంది, మేయకపోతే పెరుగుతుంది, గడ్డి పెరిగితే జింకలు పెరుగుతాయి, ఇదీ వాటి సారం. రాసినవాడు ఏనాడూ పల్లకీ దిగి పచ్చికలో కాలు పెట్టిన మనిషి కాడు. అయినా రాజుగారు శాలువా కప్పారు. ఏదులగుట్ట మొదలు కింద వాగు దాకా పచ్చనిదేదీ నోటితో గాని చేత్తో గాని తుంచరాదని దండోరా వేయించారు.

ఆ గుట్ట మొదట్లో ఓదెమ్మ అనే ముసలి గొర్రెలకాపరి గుడిసె ఉంది. ఆమె మంద తాతల నాటి నుంచీ ఆ వాలులోనే మేసేది. ఇప్పుడు తోటి కాపరుల మందలతో పాటు దాన్నీ వాగు అవతలి బీడుకు తోలుకోవాల్సి వచ్చింది. అంతటితో ఆగలేదు. గుడిసె పక్క పందిరి మీది బీరకాయలు, మడిలోని బెండకాయలు కూడా తెంపడానికి వీల్లేదని భటులు కాపలా కూర్చున్నారు. కత్తులు పట్టుకుని బెండ మొక్కల్ని కాస్తున్న ఆ వీరుల్ని చూసి ఓదెమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వానాకాలం వెళ్లింది. గడ్డి నడుమెత్తు పెరిగి, గింజ రాల్చి, ఎండి పుల్లలై నిలబడింది. గుట్ట మీద జింక ఒక్కటీ లేదు. గొర్రెలవాళ్లే వాటిని అదిలించి తోలేశారని గుణార్ణవుడు తేల్చేశాడు. రాజుగారు గుట్ట కింద డేరా వేసి భోంచేసే రోజునే వాళ్లను మందలతో సహా పొలిమేర దాటించాలని నిర్ణయమైంది. రాజుగారు దిగిన చోటివాళ్లే వండిపెట్టడం ఆనవాయితీ గనక ఆనాటి వంట మాత్రం గొర్రెలవాళ్లదే. తాను వెళ్లగొడుతున్నవాళ్ల చేతి కూడు తినడానికి మంత్రిగారికి సిగ్గేమీ అనిపించలేదు.

వంట తాను చేస్తానంది ఓదెమ్మ. రాజుగారి కోసమంటే భటులు కాయలు తెంపనిచ్చారు.

రాజుగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నమిలారు. ఇంకా నమిలారు. పళ్ల సందున పీచు ఇరుక్కుంది. పులుసులో బెండకాయ ముక్క పుల్లలా గుచ్చుకుంది. గుణార్ణవుడు చాటుగా విస్తరి పక్కన ఉమ్మేశాడు.

"ఇది కూరా, మోకు తాడా?" అన్నారు రాజుగారు.

"బీరకాయ కూర, మారాజా. మంత్రిగారి శాసనం తప్పకుండ పెంచిన కాయలు. పిందె పడ్డకాన్నుంచి ఇయ్యాల పొద్దటిదాక చెయ్యి తగల్లేదు, మీ భటులే సాక్ష్యం. తుంచకుంటే పెరుగుతదన్నరు, పెరిగింది. ఒక్కోటి మూరెడు కాయ."

"మూర్ఖురాలా, ముదిరితే ఎవరు తింటారే?" అని మంత్రి కసిరాడు.

ఆ మాట కోసమే ఓదెమ్మ పొద్దుటి నుంచీ పొయ్యి ముందు కూర్చుంది.

"జింకలు కూడ అదే అన్నయి, దొరా. గుట్టెక్కి మీ గడ్డి ఓ పరక నమిలి చూడుండ్రి. గొర్రె మేసిన కాడ మళ్ల లేత చిగురు లేస్తది. జింక ఆ చిగురెంటనే తిరుగుతది. మీ జింకలన్నీ వాగవతల మా బీడుల ఉన్నయి."

జింకలు గుట్ట మీదే ఉండాలని శాసనం గనక అంతవరకూ ఇంకోవైపు చూడాలని ఎవరికీ తోచలేదు. రాజుగారు లేచి డేరా వెనక్కి వెళ్లారు. వాగవతల గొర్రెల పక్కనే జింకలు తలలు వంచుకుని మేస్తున్నాయి. ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ మాత్రం బుద్ధి మిగిలుండటం ఆ రాజ్యం అదృష్టం. ఎవరినీ వెళ్లగొట్టేది లేదని, ఇకపై ఏడాది పొడుగునా గుట్టంతా మేపుకోమని అన్నారు.

"అదీ వద్దు, మారాజా. తీగ పాకకముందే తెంపితే పాదే పోతది. తొలకరి పడ్డంక గడ్డి నిలదొక్కుకునేదాక మేమే మందను తోలం. ఓ ఏడు ఈ వాలు, ఓ ఏడు ఆ వాలు. ఎప్పుడేది మూయాల్నో మమ్మల్ని చెప్పనీయుండ్రి."

రాజుగారు చేతి కడియం తీసి ఆమెకిచ్చి, గుట్ట మీద ఇక ఆమె మాటే శాసనమన్నారు. తర్వాత గుణార్ణవుడి వైపు తిరిగి, విస్తరి ఖాళీ అయ్యేదాకా లేవొద్దన్నారు.

మంత్రిగారు పొద్దుగూకేదాకా నమిలారు. ఆయన మింగలేక మిగిల్చిన పీచును ఓదెమ్మ పారేయలేదు. వాగులో జాడించి, దానితోనే కుండలు తోముకుంది. ఆ వంద శ్లోకాల వల్ల లోకానికి ఒరిగింది అదొక్కటే.