మూడు వానల గడువు

ఏమర్రా పిల్లలూ, కథ మొదలుపెట్టేముందు నాకొక మాట చెప్పండి. 'గడ్డి మీద నడవరాదు' అని పార్కుల్లో బోర్డు పెడతారే, నడవకూడని ఆ గడ్డిని ఎవరి కోసం పెంచుతున్నట్టు? మన కోసమా? మేక కోసమా? మేకనీ రానివ్వరు కదా!

ఆలోచించండి. దుప్పట్లు కప్పుకుని ఆలోచించండి. ఈలోపు నేను చెబుతాను.

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే పల్లెటూరు అనుకునేరు, పెద్ద పట్నం. ఎండలు ఎక్కువ, వానలు తక్కువ ఉండే సీమ పట్నం. దాని నడుమ ఒక గుట్ట. గుట్ట కింద వాలులో ఒక పార్కు. పార్కు వెనక ఒక పేట.

పేటలో అన్నీ రేకుల ఇళ్ళే. మధ్యాహ్నానికి ఆ రేకులు పెనంలా కాలేవి. అప్పుడు పిల్లలు, ముసలివాళ్ళు, ఒడిలో బిడ్డలున్న తల్లులు వచ్చి పార్కులో కానుగ చెట్ల కింద చేరేవాళ్ళు. వాళ్ళకి ఆ నీడ తప్ప ఇంకో నీడ లేదు.

ఆ పార్కులో ఊడ్చే పని, నీళ్ళు పట్టే పని ఓబులమ్మది. సన్నగా, చింతబరికెలా ఉండేది. ఒకప్పుడు వాళ్ళ నాన్నతో పాటు వేరుశనగ చేలో పనిచేసిన మనిషి. నడుముకి కొంగు బిగించిందంటే ఆ పని అయ్యేదాకా విప్పేది కాదు.

అలా ఉండగా ఆ పట్నానికి కొత్త కమిషనరు వచ్చాడు. పార్కు అందంగా ఉండాలన్నాడు. ఎక్కడినుంచో లారీల్లో గడ్డి తెప్పించాడు. చాపల్లా చుట్టిన గడ్డి! దాన్ని అలాగే పరిపించాడు.

ఏంటి పండూ, కథలో ఏనుగు లేదా అంటున్నావా? ఏనుగులు తాగేన్ని నీళ్ళు తాగే గడ్డి ఉంది, విను. పొద్దున ఒక ట్యాంకరు, మధ్యాహ్నం ఒక ట్యాంకరు, సాయంత్రం ఒక ట్యాంకరు. అయినా ఇంకా దాహమే దానికి.

ఆ తర్వాత ఎండాకాలం వచ్చింది. బోర్లు ఎండిపోయాయి. పేటకి మూడు రోజులకొకసారి ట్యాంకరు వస్తే గొప్ప. పార్కుకి మాత్రం రోజూ మూడు.

పేటలో పుల్లమ్మ అని ఉండేది. ఒకనాడు ఖాళీ బిందె చంకన పెట్టుకుని, పార్కు కంచె అవతల నిలబడింది.

"ఓబులమ్మక్కా, వచ్చే జన్మలో మమ్మల్ని గడ్డిపరకలుగా పుట్టించమని దేవునికి చెప్పరాదా? రోజూ మూడు పూటలా నీళ్ళయినా తాగుతాం!" అంది.

ఓబులమ్మ తల ఎత్తలేకపోయింది. మర్నాడు ట్యాంకరు గేటు దగ్గరికి రాగానే, "పేటకి పోనీయప్పా," అని డ్రైవరుకి చెప్పింది. ఆ మర్నాడూ అదే చెప్పింది. పది రోజులకి చాపగడ్డి కాస్తా కొబ్బరిపీచు అయిపోయింది.

కమిషనరు వచ్చి చూశాడు. కోపంతో ముఖం కందిపోయింది. "ఈ గడ్డీ వద్దు, ఈ బాధా వద్దు. పార్కంతా బండలు పరిచేద్దాం. చెట్ల మొదళ్ళ దాకా సిమెంటు వేసేద్దాం. కడుక్కోవడానికి సులువుగా ఉంటుంది," అన్నాడు.

ఓబులమ్మ కానుగల వైపు చూసింది. బండలేస్తే కానుగలు బతకవు. కానుగలు పోతే పేటవాళ్ళకి నీడ పోతుంది. భయం భయంగానే ముందుకొచ్చింది.

"సారూ, ఒక్క మాట. మనం నోటితో తాగుతాం. చెట్టు కాలితో తాగుతుంది. కాలి మీద బండ పెడితే ఎట్లా తాగుతుంది సారూ? నాకు మూడు వానలు గడువియ్యండి. మూడో వాన వెలిసేలోపు ఇక్కడ పచ్చగా కనపడకపోతే, మొదటి బండ నేనే మోస్తా. ట్యాంకరు నీళ్ళు ఒక్క బిందె కూడా అడగను."

ఒక్క బిందె కూడా వద్దనేసరికి కమిషనరుకి నవ్వొచ్చింది. అయినా, "సరే, మూడు వానలు," అన్నాడు. చెడ్డవాడు కాదులే పాపం. చదువుకున్నది కాగితాల మీద, నడిచింది తివాచీల మీద. అంతే.

అప్పుడు ఓబులమ్మ మొట్టమొదట చేసిన పనేంటో తెలుసా? చీపురు మూల పెట్టేసింది! ఆ పట్నంలో ఒక అలవాటు ఉండేది. రాలిన ఆకు రాలినట్టే ఊడ్చెయ్యాలి, కుప్ప పోసి తగలబెట్టాలి, చెట్టు కింద నేల అద్దంలా మెరవాలి. అదే మంచి పనికి గుర్తు. ఒక్క ఆకు కనపడినా మేస్త్రి సుంకన్న ఊరుకునేవాడు కాదు.

"ఏమ్మే ఓబులమ్మా, చీపురు అలిగిందా నీ మీద?" అన్నాడు సుంకన్న.

"అది కాదన్నా. చెట్టు తన కంచంలో తాను వడ్డించుకుంటాంది. మనమేమో రోజూ కంచం లాగేసి కాలబెడుతున్నాం," అంది ఓబులమ్మ.

ఆకులు మోకాలెత్తున పరుచుకున్నాయి. అప్పుడు మొదటి వాన వచ్చింది. ఉరుములతో, మెరుపులతో వచ్చింది. గుట్ట మీది నీళ్ళన్నీ వాలులో దూకాయి. ఆకులన్నిటినీ ఎత్తుకుపోయి మురిక్కాలవలో పడేశాయి. కాలవ పూడిపోయి, బజారులో మోకాలి లోతు నీళ్ళు. కొట్లవాళ్ళు ఒకటే తిట్లు. సుంకన్న మోచేతి దాకా కాలవలో చెయ్యి పెట్టి ఆకులు లాగుతూ, "నీ చెట్టు కంచం నా కాలవలో కడుక్కుందిమ్మే!" అని అరిచాడు.

ఓబులమ్మ తడిసి ముద్దయి చెట్టు కింద కూలబడింది. కాసేపు ఏడ్చింది. ఆ తర్వాత తన మీద తనకే నవ్వొచ్చింది. 'గట్టు లేని చేలో ఎరువు చల్లినట్టుందే నా పని! పట్నమొచ్చి చేను మరిచిపోయినానే,' అనుకుంది. మరిచిపోవడం తప్పు కాదర్రా. గుర్తొచ్చాక కూర్చోవడం తప్పు.

లేచింది. పార పట్టింది. వాళ్ళ నాన్న చేలో వేసినట్టే, వాలుకి అడ్డంగా జానెడు ఎత్తు గట్లు వేసింది. గట్టు గట్టుకీ వెనక ఒక గుంట తవ్వింది. ఒక్క మనిషికి తెమిలే పనా అది? అప్పుడు పుల్లమ్మ వచ్చింది. వెనకాలే పేట ఆడవాళ్ళంతా వచ్చారు. మిల్లు దగ్గర పారేసిన వేరుశనగ పొట్టు గంపలకెత్తుకుని మరీ వచ్చారు. కాలవలోంచి లాగిన ఆకులే గుంటల్లో వేశారు, ఆకుల మీద పొట్టు పోశారు. రోడ్డు పక్కన మొలిచిన గరిక దుబ్బులు తెచ్చి నాటారు. గట్ల మీద తంగేడు గింజలు చల్లారు.

రెండో వాన వచ్చింది. గుట్ట మీది నీళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి మొదటి గట్టు దగ్గర ఆగాయి. నేల తాగింది. మిగిలింది రెండో గట్టుకి పోయింది. అక్కడా నేల తాగింది. మిగిలిన కాసిని మూడో గట్టు దగ్గర ఇంకిపోయాయి. ఆ రోజు బజారులో ఒక్క చెప్పూ కొట్టుకుపోలేదు.

హమ్మయ్య అనుకునేలోపు ఇంకో ఇబ్బంది వచ్చిపడింది. కానుగలకి చెదలు పట్టాయి! ఎందుకంటే, చలికి శాలువా కప్పినట్టు మొదళ్ళ చుట్టూ మెడ దాకా ఆకులు ఎగదోసింది ఓబులమ్మ. ప్రేమ ఎక్కువైనా ఊపిరాడదు కదా. అప్పుడు ఒక్కో చెట్టు దగ్గరా గొంతుక్కూర్చుని, మొదలు చుట్టూ జానెడు మేర ఆకు తీసేసింది. చెదమట్టి గోకి, వేపపిండి చల్లింది. చెట్లు తేరుకున్నాయి.

ఇక మూడో వాన రావాలి. రాలేదు. వారం చూశారు. పక్షం చూశారు. నెల చూశారు. మబ్బుతునక లేదు.

కమిషనరు ఓపిక పట్టలేక బండల లారీ పంపించేశాడు. ఓబులమ్మ పరుగెత్తి గేటుకి అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ చాపింది. లారీ వెనకే వచ్చిన కమిషనరు జీపు దిగాడు.

"మూడో వాన రాలేదు సారూ. నా గడువింకా ఉంది," అంది.

"వాన రాకపోతే నన్నేం చెయ్యమంటావు? వానకి నోటీసు ఇవ్వమంటావా?"

"వానకొద్దు. లోపలికొచ్చి చూసి, ఆ తర్వాత నాకియ్యండి నోటీసు."

మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద తారు కరుగుతోంది. కమిషనరు విసుక్కుంటూ లోపలికి అడుగు పెట్టాడు, ఆగిపోయాడు. కాళ్ళ కింద గరిక, పచ్చగా, పొట్టిగా, నేలని కరుచుకుని. గట్ల మీద తంగేడు మొలకలు. కానుగల కింద పేట పిల్లలు, ఒకరి మీద ఒకరు కాళ్ళేసుకుని నిద్రపోతున్నారు.

"నీళ్ళు ఎవరు పోశారు?" అన్నాడు.

"ఎవరూ పోయలేదు సారూ. మీ ట్యాంకర్లు మూడూ పేటకే పోతాండాయి. కావాలంటే అక్కడి బిందెల్ని అడగండి."

కమిషనరు వంగి ఆకులు పక్కకి తోశాడు. కింద నేల నల్లగా, చల్లగా, చెమ్మగా ఉంది. ఒక వానపాము మెలి తిరిగి లోపలికి దూరింది. వాన పడి నెల దాటినా నేల ఇంకా తడి దాచుకునే ఉంది!

అప్పుడు సుంకన్న ముందుకొచ్చాడు. "సార్, చీపురు పట్టలేదని ఈమెను అందరికన్నా ఎక్కువ తిట్టింది నేనే. ఇప్పుడు ఊరంతా ఊడ్చిన ఆకు నేనే తెచ్చి పోస్తాండా. కాల్చే పొగ లేక నా దగ్గు కూడా తగ్గింది సార్," అన్నాడు.

కమిషనరు లేచి చేతికంటిన మట్టి దులుపుకున్నాడు. ఆ తర్వాత లారీ డ్రైవరు వైపు తిరిగి, "వెనక్కి తిప్పు," అన్నాడు. అదే కదర్రా గొప్పతనం! తప్పని తెలిశాక లారీని వెనక్కి తిప్పడం ఎంతమందికి చేతనవుతుంది?

"ఓబులమ్మా," అన్నాడు మెల్లగా, "ఊళ్ళో రోడ్ల పక్క చెట్లన్నిటికీ మొదళ్ళ దాకా సిమెంటు వేయించింది కూడా నేనే. వాటికేం చెయ్యాలి?"

ఓబులమ్మ కొంగు బిగించింది. "గడ్డపార ఇప్పించండి సారూ," అంది.

ఆమె ముందు, సుంకన్న వెనక, పుల్లమ్మా పేటవాళ్ళూ ఆ వెనక. వీధి వీధికీ తిరిగారు. ఒక్కో చెట్టు మెడ దగ్గరా సిమెంటు పగలగొట్టి, మూరెడు నేల విడిపించారు. ఆ తర్వాత తీరిగ్గా వచ్చింది మూడో వాన, పెళ్ళయ్యాక వచ్చిన చుట్టంలా. వస్తే వచ్చింది. తాగడానికి ఊరంతా నోళ్ళు తెరుచుకుని ఉంది.

ఆకు నేలకి, నేల వేరుకి,
వేరు చిగురుకి, చిగురు నీడకి,
నీడ పేటకి, పేట ఆటకి,
కథేమో కంచికి, మనమేమో చెట్టు చెంతకి!

ఏ చెట్టంటారా? మన గేటు ముందు చెట్టే. దాని మెడకీ సిమెంటు ఉంది, మీరు రోజూ సైకిలు ఆనించేది ఆ సిమెంటుకే. పొద్దున్నే లేచి కాగితం తీసి అర్జీ రాయండి. వీధి పిల్లలందరి చేతా సంతకాలు పెట్టించండి. నేను కింద ఎక్కడైనా సంతకం పెడతాను, పైన మీవే ఉండాలి. వార్డు ఆఫీసుకి వెళ్ళి, మా చెట్టుకి మూరెడు నేల ఇవ్వండి అని అడగండి. ఇవ్వకపోతే ఎల్లుండి మళ్ళీ వెళ్ళి అడగండి.