ఏదుపంది ముందుగా చేసిన పనులు

అనగనగా ఒక పల్లపు అడవిలో, వాగు పక్కన ఒక పాత మట్టిగట్టు ఉండేది. అక్కడ మట్టిపని బాగా తెలిసింది ఒక్క ఏదుపందికే.

వానలు ఇంకో పది రోజుల్లో వస్తాయనగా కుందేలు పరుగున వచ్చింది.

"అన్నా, గట్టు బీటలు వారింది. నా బొరియ దాని కిందే. పిల్లలు ముగ్గురికీ ఇంకా పరుగు రాదు."

ఏదుపంది వెళ్లి గట్టు చూసింది. "నాలుగు రోజుల పని చెల్లీ. రేపే మొదలుపెడతాను" అంది.

తెల్లారేసరికి ఎలుగుబంటి వచ్చి నిలబడింది. "నా గుహ గుమ్మం ఇరుకైంది. ముందు నాది చూడు!" అని గుర్రుమంది. ఏదుపందికి భయం వేసింది. మూడు రోజులు గుమ్మం తవ్వింది.

తర్వాత నెమలి వచ్చింది. "వానలో ఆడటానికి ఒక దిబ్బ కావాలి మామా. నీ పనితనం అడవంతా చూస్తుంది" అంది. ఆ పొగడ్తకు ఏదుపంది పొంగిపోయింది. ఇంకో మూడు రోజులు దిబ్బ పోసింది.

కుందేలు మళ్లీ వచ్చింది. "అన్నా, సరిగ్గా నాలుగు రోజులే మిగిలాయి."

ఏదుపంది పార పట్టుకుని బయలుదేరబోయింది. అంతలో నక్క వచ్చి, "మృగరాజు గారు కూర్చోవడానికి అరుగు వెయ్యాలి. రెండు రోజుల్లో కావాలి" అంది.

ఏదుపంది కుందేలు వైపు చూడలేకపోయింది. "అన్నీ ముఖ్యమైన పనులే చెల్లీ. ఎవరికని కాదనను?"

"గట్టిగా అరవలేని వాళ్లకి" అంది కుందేలు.

ఏదుపంది నక్క వెంటే నడిచింది.

అరుగు పూర్తయ్యాక గట్టు దగ్గరికి వచ్చి, రెండు రోజులు తిండి మాని పనిచేసింది. సగం పని అయింది. మర్నాడే వాన మొదలైంది. మధ్యాహ్నానికి గట్టు తెగింది.

తల్లి కుందేలు ఒక్క పిల్లనే నోట కరచుకుని ఈదగలిగింది. తిరిగి చూస్తే బొరియ ఉన్నచోట నీళ్లే ఉన్నాయి.

గుహలోకి నీళ్లొచ్చాయి, దిబ్బ కరిగిపోయింది, అరుగు కొట్టుకుపోయింది. అందరూ ఏదుపంది మీద పడ్డారు. "ముందు గట్టు వెయ్యాలని ఆ మాత్రం తెలియదా నీకు?" అని ఎలుగుబంటే అరిచింది.

నీళ్లు తగ్గాక ఏదుపంది కుందేలు దగ్గరికి వెళ్లింది. "చెల్లీ, ఇవాళే గట్టు మొదలుపెడతాను. ఇంక ఎవరొచ్చినా ఆపను" అని ఏడ్చింది.

కుందేలు తడిసిన పిల్లను నాకుతూ తలెత్తకుండానే అడిగింది.

"ఇప్పుడు ఎవరి కోసం అన్నా?"

నీతి: ఎవరు గట్టిగా అడిగారని కాదు, ఏది ఆగితే ప్రాణం మీదికి వస్తుందో చూసి ఆ పని ముందు చెయ్యాలి. ఎవరికీ కాదనలేనివాడు, చివరికి దిక్కులేనివాడికే కాదంటాడు.