పన్ను అనకూడని కొలువు

ఒకానొక రాజ్యంలో, దాని పేరేదో ఉండేది, ఇప్పుడు నోటికి రావడం లేదు, ఉద్దండ భూపతి అనే రాజు ఉండేవాడు. రాజ్యం పేరు లేకపోయినా కథకు నష్టం లేదు. రాజుకు పన్నునొప్పి ఉంటే చాలు.

ఆయనకు దవడపన్ను పుచ్చింది. "మా నోట్లో ఉండి మాకే ఎదురు తిరుగుతుందా!" అని గర్జించి, 'పన్ను' అన్న మాట ఎత్తినవాడికి దేశబహిష్కారం అని శాసనం వేశాడు.

తెలుగులో నోట్లో ఉండేదీ పన్నే, జనం కట్టేదీ పన్నే. మా కాలేజీ తెలుగు మాస్టారు దీన్ని నానార్థం అనేవారు. ఆయన పళ్లు మాత్రం చివరిదాకా రాళ్లలా ఉన్నాయి, అది వేరే సంగతి. శాసనం వచ్చాక వసూలు అధికారులు ఊళ్లకు వెళ్లి "అదీ... మీరివ్వాల్సిన... అదీ..." అని నసిగి, మజ్జిగ తాగి వెనక్కి వచ్చేవారు. జనం హాయిగా ఉన్నారు.

ఇలా ఉండగా ఒకరోజు నొప్పి దానంతటదే ఆగిపోయింది.

"చూశారా! మా ఆజ్ఞకు జడిసి పారిపోయింది" అని రాజు విజయోత్సవం చాటించాడు.

"ప్రభువుల ప్రతాపం ముందు మా మందులెంత" అన్నాడు రాజవైద్యుడు.

ఉత్సవం నాడు సభలో అందరూ రాజు కిరీటం చూస్తుంటే, విదూషకుడు పెద్దిభట్టు ఒక్కడే ముఖం చూశాడు. బుగ్గ వాపు దవడ కిందికి జారి మెడ దాకా వచ్చింది. జ్వరంతో కళ్లు ఎర్రబడ్డాయి. లడ్డూ ఇస్తే నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోక రాజు పక్కన పెట్టాడు. ఉమ్మి మింగలేక మాటిమాటికీ తమ్మపడిగలో ఊస్తున్నాడు.

పెద్దిభట్టు మేనమామ ఇలాగే "నొప్పి తగ్గిందిరా" అని సంతోషంగా పడుకుని, తెల్లారేసరికి ఊపిరాడక పోయాడు. ఇప్పుడు 'పన్ను' అంటే తాను రాజ్యం వదలాలి. అనకపోతే రాజు లోకమే వదిలేలా ఉన్నాడు.

పళ్ల వైద్యురాలు ఓబమ్మను పిలిపించి తెర వెనక నిలబెట్టి, సభ మధ్యకు వచ్చాడు.

"మహాప్రభూ, ఒక యుద్ధకథ చెబుతాను. తమరు ఊ కొట్టాలి."

"ఊఁ" అన్నాడు రాజు. నోరు తెరవకుండా సులువుగా అనగలిగింది అదే.

"ఒక కోటను శత్రువు ముట్టడించాడు. పగలూ రాత్రీ ఢంకాలు. లోపల ఎవరికీ కునుకు లేదు."

"ఊఁ."

"ఒకనాడు ఢంకాలు ఆగిపోయాయి. శత్రువు పారిపోయాడని ఆ రాజు విందు చేశాడు."

ఈసారి ఊ రాలేదు. రాజుకు యుద్ధం అంటే ప్రాణం. "మూర్ఖుడు!" అని పళ్ల సందుల్లోంచి బుసకొట్టాడు. "ఢంకా ఆగిందంటే సొరంగం తవ్వుతున్నాడని అర్థం!"

"అయ్యో, అలాగా! మరి గోడ ఒకచోట ఉబ్బింది. కోటంతా వేడెక్కింది. సింహద్వారం బిగుసుకుపోయి తెరుచుకోవడం లేదు. గుక్కెడు నీళ్లు లోపలికి పోవడం లేదు. ఆ రాజేమో, పండగ వెళ్లాక చూద్దాం అంటున్నాడు."

"పండగా, వాడి బొంద! గోడ ఉబ్బాక ఘడియ ఆగినా కోట పోతుంది. ఆ చోటే పగలగొట్టి శత్రువును బయటికి లాగమను. ఇప్పుడే!"

"ఇది మహారాజు ఆజ్ఞేనా?"

"ఊఁ!"

పెద్దిభట్టు తెర వైపు తిరిగాడు. "ఓబమ్మా, విన్నావుగా. ఆ కోట ప్రభువుల దవడలోనే ఉంది."

సభ గుడ్లప్పగించింది. రాజు చెయ్యి కత్తి మీదికి పోయింది. అక్కడి నుంచి మెల్లిగా మెడ మీది వాపు దగ్గరికి వెళ్లి ఆగింది. తను చెప్పిన వ్యూహాన్ని తానే తప్పనడం ఏ రాజుకూ చేతకాదు.

"ఊఁ" అన్నాడు చిన్నగా.

ఓబమ్మ చిగురు కోసి చీము వదిలించింది. దవడ సడలాక పన్ను పీకేసింది. "రేపటిదాకా ఆగుంటే నాతో పనుండేది కాదు నాయనా. ఉప్పునీళ్లు పుక్కిలించు" అంది. మహారాజును నాయనా అన్న సంగతి ఆ గాభరాలో ఎవరూ పట్టించుకోలేదు.

వాపు దిగాక రాజు అప్పడం నములుతూ కొలువుతీరాడు.

"భట్టూ, మా ఆజ్ఞను మా మీదికే తోలావు. శిక్షిద్దామంటే ఆ మాట ఒక్కసారీ అనలేదు. ఏం కావాలో కోరుకో."

"ముందు ఆ మాట అననిస్తారా ప్రభూ?"

"శాసనం ఎత్తేశాం. అనవయ్యా!"

"ఒక పన్ను పీకేసి తమరు బతికారు. ఉప్పు మీద ఇంకో పన్ను ఉంది. అదీ పీకేస్తే జనం కూడా నాలుగు పూటలు పుక్కిలించుకుంటారు."

రాజు నోరంతా తెరిచి, ఖాళీ చోటు కూడా కనిపించేలా పకపకా నవ్వి, "ఊఁ" అన్నాడు. ఓబమ్మకు మాన్యం, పెద్దిభట్టుకు పట్టుశాలువా ఇప్పించాడు.

ఆ పూటే ఉప్పు పన్ను ఊడింది. తక్కిన పళ్లు రాజుగారి నోట్లో, తక్కిన పన్నులు జనం నెత్తిన యథాప్రకారం ఉండిపోయాయి.