వలలో ఉండిపోయిన బంతి

ఈ మాట నెల రోజులపాటు ఎవరి ముందూ పైకి అనలేదు. ఫైనల్లో ఆ చివరి గోల్ పడింది స్టెల్లా వల్ల కాదు, నా వల్ల.

"ముందుకి రా" అని గ్రౌండు గీత బయట నుంచి చెయ్యి ఊపింది నేనే. స్టెల్లా మా గోల్‌కీపర్. నేనేమంటే అదే తనకి. వచ్చేసింది. బంతి తన తల మీదుగా వెళ్లి వలలో పడింది. దాంతోపాటే ఆటా అయిపోయింది.

టీమందరి ముందు అరిచాను. "నిన్నెవరు రమ్మన్నారే ముందుకి?"

స్టెల్లా నా చేతి వైపు ఒక్కసారి చూసింది. గ్లౌజులు బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది. నెలైంది, మళ్లీ గ్రౌండుకి రాలేదు.

అప్పట్నుంచి మా బొల్లారం అమ్మాయిలకి ఓ జబ్బు పట్టుకుంది. ఒక్క గోల్ పడితే చాలు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇక ఆట అక్కడే ఆగిపోయినట్టు.

నాకు ఫుట్‌బాల్ ఎవరూ నేర్పలేదు. ఫోన్లో మ్యాచులు చూసి, పెద్ద పెద్ద మేనేజర్ల మాటలు రాసుకుని కోచ్‌నయ్యాను. మూడు నోట్‌బుక్కులు నిండాయి. అవి పట్టుకుని మొయిన్ సాబ్ దగ్గరికి పరిగెత్తాను. నలభై ఏళ్లు టీములు తయారు చేసిన మనిషి. ఇలాంటివి అడగడానికి నాకున్న గడప అదొక్కటే.

"సాబ్, గెలుస్తామన్న ధీమా పిల్లలకి ఎట్లా ఎక్కించాలి? అన్నీ ఇందులో రాసుకున్నా. ఏ పేజీ చదివి వినిపించాలో చెప్పండి."

"రేపు పొద్దున ఆట పెట్టు. వస్తా," అన్నారు.

వచ్చారు. కుర్చీ కాలొకటి పొట్టిదై ఊగుతోంది. నా చేతిలోంచి ఓ నోట్‌బుక్ తీసి ఆ కాలి కింద పెట్టి కూర్చున్నారు.

"ఆఁ, ఇప్పుడు కుదిరింది. ఆడించు."

సీనియర్లకీ జూనియర్లకీ మ్యాచ్. అయిదు నిమిషాల్లో జూనియర్లు గోల్ కొట్టేశారు! సీనియర్లు ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. నేను మొదలుపెట్టాను. "ఎవరే ఆ పిల్లని వదిలేసింది? ఎవరే?"

బంతి వలలోనే ఉంది. ఎవరూ తియ్యట్లేదు.

సాబ్ లేచారు. మోకాలు పట్టుకుని, కుంటుకుంటూ, గ్రౌండంతా దాటి గోల్ దాకా వెళ్లారు. వంగి బంతి తీసి, లాల్చీకి తుడిచి, ఒక్కో అమ్మాయి పక్కనుంచీ నడుచుకుంటూ వచ్చి మధ్య గీత మీద పెట్టారు. తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

ఆట మళ్లీ మొదలైంది. రెండో గోల్ కూడా సీనియర్లకే పడింది. సాబ్ కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి లేవబోయారు.

"అయ్యో, మళ్లీ లేస్తున్నారే!" కెప్టెన్ హుస్నా కేక. "పెద్దాయన్ని నడిపిస్తారా? సిగ్గులేదూ మనకి?" అంటూ వలలోకి దూకి, బంతి చంకలో పెట్టుకుని మధ్యకి ఒకటే పరుగు.

మూడోది పడ్డప్పుడు నలుగురు దూకారు! బంతి కోసం వాళ్లలో వాళ్లే తోసుకుంటూ, నవ్వుకుంటూ. "నాకియ్యవే, నేను తీసుకెళ్తా!" "నీ వల్లే పడింది, నువ్వాగు!" "పడితే పడిందిలే, నడువ్!"

ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఊపిరాడదు. సీనియర్లు ఒకటి కొట్టారు. రెండు. మూడు! చివర్లో హుస్నా తలతో కొట్టిన నాలుగోది వలలో పడగానే నేను గీత దాటి లోపలికి పరిగెత్తాను. చెప్పు ఎక్కడ ఊడిందో కూడా తెలీదు.

"సాబ్! చూశారా? ఎట్లా మారిపోయారో చూశారా? ఉండండి, రాసుకుంటా. ఇంకోసారి చెప్పండి."

"నేనేం చెప్పాను బేటా?"

ఫ్లాస్కులోంచి చాయ్ వంచుకున్నారు. ఒక గుక్క తాగారు.

"ఫైనల్ రోజు నేను స్టెల్లా గోల్ వెనకాలే కూర్చున్నా."

ఆ రోజు ఊపిన నా కుడి చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది.

"ఆ బంతి ఇంకా వలలోనే ఉంది," అన్నారాయన, నా వైపు చూడకుండానే.

పిల్లలింకా మధ్య గీత దగ్గర గెంతుతున్నారు. నేను ఫోన్ తీశాను.

"హుస్నా! అందర్నీ ఇటు పిలువు."

"ఏమైంది కోచక్కా?"

"స్టెల్లాకి ఫోన్ చేస్తున్నా. స్పీకర్లో."