గిజిగాడికి దొరికిన వంద ఆహాలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వాగు మీదికి వంగిన ఈతచెట్టు ఒకటి ఉండేది. దాని మట్టకు చిన్నబ్బి అనే గిజిగాడు గూడు అల్లుతున్నాడు.

గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది పిల్లలూ. మగపిట్ట సగం గూడు అల్లి పెట్టాలి. ఆడపిట్ట వచ్చి, పోచ లాగి చూస్తుంది. గట్టిగా ఉంటేనే కాపురానికి ఒప్పుకుంటుంది. అందుకే పచ్చిపోచ తెచ్చిన వెంటనే ముడి వేసేయాలి. వాడిపోతే ముడి నిలవదు. తొలకరిలోగా గూడు కుదరకపోతే ఆ ఏడంతా ఒంటరి బతుకే.

అడవి నడుమ ఒక బూరుగుచెట్టు ఉండేది. మనకు ఫోను ఎలాగో పక్షులకు ఆ చెట్టు అలాగ! ఏం చేసినా అక్కడికెళ్లి చెప్పుకోవాలి. విన్నవాళ్లు "ఆహా!" అనాలి. అదే పని పొద్దస్తమానం.

చిన్నబ్బి ఒక్క పోచ అల్లేవాడు, తుర్రున అక్కడికి ఎగిరేవాడు.

"ఇవాళ మెలిక ముడి వేశానోచ్!" అనేవాడు.

"ఆహా!" అనేది చిలక. "ఆహా! ఆహా!" అనేవి గోరింకలు.

తిరిగొచ్చేసరికి తెచ్చిపెట్టుకున్న గడ్డి వాడిపోయి ఉండేది. 'పోనీలే' అని దాన్నే చుట్టేసి మళ్లీ ఎగిరేవాడు. ఒకరోజు ఏకంగా వంద ఆహాలు వచ్చాయి. ఎగిరి గంతేస్తూ ఇంటికొచ్చాడు.

వాగులోంచి తాబేలవ్వ తల బయటపెట్టింది.

"ఎక్కడ తిరుగుతున్నావురా? నీ గూడు చూడ్డానికి సిరిమల్లి పిట్ట వచ్చింది. పొద్దువాలేదాకా కూర్చుంది. ఒక పోచ లాగింది, ఊడొచ్చింది. లేచి వెళ్లిపోయింది."

"నాకు వంద ఆహాలు వచ్చాయవ్వా!"

"అయితే వాటినే పరుచుకుని పడుకో!"

చిన్నబ్బికి ఏడుపు ముంచుకొచ్చింది. గూట్లో గాలి ఇటు దూరి అటు పోతోంది. 'అంతమందికి చెప్పుకున్నాను. నాకంటూ ఒక్కరు లేరే!' అనుకున్నాడు. తొలకరిదాకా ఆ చెట్టు ఛాయలకు పోనని ఒట్టేసుకున్నాడు. పాత గూడు పీకేశాడు.

మొదటిరోజు మనసంతా అటే. సగం దూరం ఎగిరి, నాలుక కరుచుకుని వెనక్కొచ్చాడు. రెండోరోజు 'చిన్నబ్బి ఏడీ అని ఎవరైనా రాకపోతారా' అని దారి చూశాడు. అడిగిన నాథుడే లేడు. ఆ సాయంత్రం వాడు పడ్డ బాధ పగవాడికి కూడా వద్దమ్మా. మూడోరోజు పోచ తెచ్చాడు, ముడి వేశాడు. ఇంకోటి తెచ్చాడు, వేశాడు. తలెత్తేసరికి పొద్దుగూకింది. బూరుగుచెట్టు ఊసే గుర్తు రాలేదు.

అలా అల్లుతూనే ఉన్నాడు. ఒకనాడు మబ్బు కమ్మింది. వెనకనుంచి ఎవరో పోచ లాగారు. చూస్తే సిరిమల్లి! ఒకసారి లాగింది. రెండుసార్లు లాగింది. మూడోసారి కాళ్లు తన్నిపెట్టి మరీ లాగింది. పోచ కదల్లేదు.

"ఇంత బాగా అల్లావు. బూరుగుచెట్టు దగ్గర చెప్పలేదేం?" అని అడిగింది.

చిన్నబ్బి అటు చూశాడు. దూరంగా ఆహాలు వినిపిస్తూనే ఉన్నాయి, ఇంకెవరికోసమో. గుండె కాస్త కలుక్కుమంది.

"చెప్పడానికి వెళ్తే ఈ పోచ వాడిపోయేది," అన్నాడు.

సిరిమల్లి గూట్లోకి దూరింది. అంతలో టపటపా తొలకరి చినుకులు మొదలయ్యాయి. గూట్లో ఒక్క చుక్క కూడా పడలేదు.

నీతి: మెప్పుల సందడికి కొన్నాళ్లు దూరంగా ఉంటేనే మనసు పనిలో నిలుస్తుంది; ఆపదలో కాచేది ఆ పనే.