జనరల్ చూపని కాగితం

యానాంలో ఫ్రెంచి దొరలకు తెలుగు చెప్పే సర్వేశ్వరశాస్త్రిగారికి ఒక అలవాటుండేది. ఏదడిగినా తిన్నగా జవాబివ్వరు, కథొకటి తీస్తారు. ఒక యేడు సత్రంలో నెయ్యి కాజేసిన తోటివాణ్ణి తరిమేస్తారేమోనని, శిష్యుడు కామేశం ఆ తప్పు తనమీద వేసుకున్నాడు. శాస్త్రిగారి మనిషని తిట్టి వదిలేశారు గానీ, అప్పట్నుంచీ పంక్తిలో అతని పక్కన విస్తరి వేసుకునేవాడు లేడు, ఆ తోటివాడితో సహా.

"నిజం చెప్పేస్తే పోదా గురువుగారూ?" అన్నాడు కామేశం.

శాస్త్రిగారు తీరిగ్గా పొడుం పీల్చి మొదలెట్టారు.

ఫ్రాన్సులో మార్సాన్ అని ఒక జనరల్. మీసాలు రాకముందే సైన్యంలో చేరి, ఆఫ్రికా ఎండల్లో రెండు తూటాలు తిని, మెట్టు మెట్టుగా పైకొచ్చినవాడు. పింఛను పుచ్చుకుని గులాబీలు పెంచుకుంటూ ఉంటే యుద్ధమొచ్చింది. ఎవరు వద్దన్నా వినకుండా వెళ్లి, సరిహద్దులో డెబ్భైవేల మంది ఉన్న ఒక నగరాన్ని కాపాడే పని నెత్తికెత్తుకున్నాడు. శత్రువు చుట్టూ దిగాడు. నలభై ఎనిమిది రోజులు ఫిరంగి గుళ్లు. ఊళ్లో గుర్రాలన్నీ కూరైపోయాయి, నేలమాళిగల్లో పసిపిల్లలు రాలిపోతున్నారు. చివరికి ఊరివాళ్లే ఒక కాగితం పట్టుకొచ్చారు, కోట అప్పగించి మమ్మల్ని బతికించండి అని. కింద మూడువందల సంతకాలు, మొదటిది రొట్టెలు కాల్చే గాస్పార్‌ది. జనరల్ తెల్లజెండా ఎత్తించాడు.

వాళ్ల సైన్యంలో ఒక కట్టడి ఉంది. కోట అప్పగించినవాడు ఎంతటివాడైనా విచారణకు నిలబడాల్సిందే. ఆ కాగితం బల్లమీద పెడితే చాలు, బయటపడేవాడే. కానీ అప్పటికే ఆ ఊరివాళ్లు, చివరిదాకా పోరాడతామని మేమంటుంటే ముసలాడే మమ్మల్ని అమ్మేశాడని దేశమంతా చెప్పుకుంటున్నారు. వీధికి పెట్టిన ఆయన పేరు కూడా చెరిపేశారు. జనరల్ ఆ కాగితం జేబులోంచి తియ్యలేదు. పిరికివాడని తీర్పు రాశారు.

ఆ తర్వాత ఎక్కడో పల్లెలో అద్దెగదిలో ఉండేవాడు. చర్చిలో ఆయన కూర్చున్న బల్లమీద ఇంకెవరూ కూర్చునేవారు కాదు. ఏడేళ్లకు ఒక మధ్యాహ్నం గాస్పార్ వచ్చి తలుపు తట్టాడు. చేతిలో టోపీ నలుపుతూ, ఆ కాగితం ఎందుకు చూపించలేదని అడిగాడు.

"ఆ ఊళ్లో మీరు తలెత్తుకు తిరగాలిగా. నాకు ఊరెక్కడుంది?" అన్నాడు జనరల్. అని, లేచి కాఫీ పెట్టాడు. ఆ గదిలో రెండో గిన్నె బయటికి తియ్యడం ఏడేళ్లలో అదే మొదలు.

వెళ్లగానే అందరికీ చెప్పెయ్యాలనే గాస్పార్ బయల్దేరాడు. రైలు దిగాడు, కొట్టు తెరిచాడు, రొట్టెలు కాల్చాడు. చెప్పలేదు.

కామేశం, అయితే ఆయనకంటూ ఎవ్వరూ మిగల్లేదా అని అడిగాడు.

"మిగలకేం? డెబ్భైవేల మంది," అన్నారు శాస్త్రిగారు. "అందరూ బతికే ఉన్నారు."